ఎక్కనోళ్లకు ఎంత టికెట్టు?



పరీక్షలు అయిపోయాక పిల్లోళ్లను టూరుకు తీసుకుపోదామని మళ్లీ మాట లేచింది. ఎక్కడికి పోదాం, బస్సుకు ఎంత అడుగుతారు, తలా ఎంత వేసుకుందాం అని నాలుగు రోజులుగా ఫోన్లు వస్తున్నాయి. ఇవన్నీ తేల్చుకునే ముందు ఇంకో ప్రశ్న తేల్చుకోవాలని మా ఉద్దేశం. అమ్మలు, అవ్వలు మనతో వచ్చి, ఏ రైడూ ఎక్కకపోతే, వాళ్లకు టికెట్టు ఎంత? పోస్టు పొడుగ్గా ఉంది, ఓపిక చేసుకుని చదవండి.

కొత్తగా చేరినోళ్ల కోసం చెప్తున్నాం: మేము అంటే ఆదోని, ఎమ్మిగనూరు హాస్టళ్లలో చదువుకున్న, ఇంకా చదువుకుంటున్న సుగాలీ, ఎరుకల పిల్లలం. టూరు పని చూసేది ఏడుగురం. ఇది ఆ ఏడుగురం కూర్చొని రాసింది.

ముందు మనకు తెలిసిన జాతరతో మొదలుపెడదాం. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర చూడనోళ్లు మనలో ఉండరు. ఏటా జనవరిలో తేరు లాగుతారు. ఆ రోజుల్లో అంగళ్లు, మిఠాయి కొట్లు, రంగులరాట్నం, జెయింట్ వీల్, ఊగే పడవ అన్నీ వస్తాయి. జాతరలో నడిచేదానికి టికెట్టు లేదు. ఎక్కేదానికే టికెట్టు. ఒక్కో రాట్నం దగ్గర ఒక్కో కౌంటరు, ఒక్కో రేటు.

మాలో చానామందిని ఆ జాతరకు తీసుకుపోయింది అవ్వలే. ఎందుకంటే జనవరి అంటే అమ్మా నాయనా సుగ్గిలో ఉంటారు. పత్తి తీసేదానికి, మిరపకాయలు కోసేదానికి గుంటూరు దిక్కు పోయి, గుడారాలు వేసుకొని, ఎండాకాలం మొదలయ్యాక తిరిగి వస్తారు. పడమటి కర్నూలులో ఏ తండాకు, ఏ ఊరికి పోయినా ఆ నెలల్లో సగం ఇండ్లకు తాళాలే. పిల్లోళ్లు సీజనల్ హాస్టల్లోనో, అవ్వ దగ్గరనో ఉంటారు. కాబట్టి రాట్నం ఎక్కే పిల్లోడి ముఖం అమ్మ చూడదు, అవ్వ చూస్తాది.

అవ్వ రాట్నం ఎక్కదు. "నాకు కండ్లు తిరుగుతాయి, మీరు పోండి రా" అంటాది. చెప్పులు, సంచి, మిఠాయి పొట్లం అన్నీ ఆమె చేతిలో పెట్టి మేం ఎక్కేవాళ్లం. రాట్నం ఆగేదాకా ఆమె కంచె పక్కనే నిలబడి తల పైకెత్తి చూస్తాంటాది. మేం పైకి పోయినప్పుడల్లా చెయ్యి ఊపేది, కిందికి దిగినప్పుడల్లా ఆమె ముఖం వెతికేది. ఆ నిలబడినందుకు ఎవరూ ఆమెను టికెట్టు అడగలేదు.

అట్లని జాతర పద్ధతి అంతా మంచిదే అనట్లేదు. అక్కడ వేరే బాధ ఉంది. కొంగు ముడిలో ఉన్న నోటుతో ఒక్కటే ఎక్కాలి. జెయింట్ వీలా, పడవా అని గంటసేపు తిరిగి తిరిగి చివరికి ఏదో ఒకటి ఎక్కి, ఇంకొకటి ఎక్కి ఉంటే బాగుండేది అనుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లం. మన క్లాసులోనే చదివే అంగడి వాళ్ల పిల్లోడు ఐదుసార్లు ఎక్కేవాడు. వాడు దిగి మళ్లీ క్యూలో నిలబడుతుంటే చూడడం ఎట్లుంటాదో మీకు చెప్పే పని లేదు.

పెద్ద పార్కుల్లో ఇట్లా కాదు. గేటు దగ్గర ఒకేసారి కట్టాలి. లోపల ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు, ఎవరూ మళ్లీ దుడ్లు అడగరు. బెంగళూరు దగ్గర బిడదిలో 2005లో వచ్చిన వండర్‌లా, హైదరాబాద్ దగ్గర రావిర్యాలలో 2016లో వచ్చిన వండర్‌లా ఈ రకమే. దేశంలోని చానా పెద్ద పార్కులది ఇదే దారి. హైదరాబాద్‌లోనే హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్ జాతర పద్ధతికి దగ్గర. లోపలికి పోయేదానికి ఒక చిన్న టికెట్టు, పడవ ఎక్కితే పడవకు వేరే, రైలు ఎక్కితే రైలుకు వేరే.

ఈ రెండు పద్ధతులూ మన ఇండ్లలో అందరికీ తెలిసినవే. పత్తి తీస్తే కిలో లెక్క. ఎన్ని కిలోలు తూగితే అంత దుడ్డు. ఇంకొన్ని పనులు గుత్తకు. చేను మొత్తానికి ఇంత అని ముందే మాట్లాడుకుంటారు, ఎంతమంది దిగినా, ఎన్ని గంటలు పట్టినా అంతే. జాతర రాట్నం కిలో లెక్క. పెద్ద పార్కు గుత్త లెక్క. గుత్త ఎప్పుడూ బాగా చేతనైనోళ్లకు లాభం. పార్కులోనూ అంతే. పొద్దున గేటు తీసినప్పటి నుంచి సాయంత్రం దాకా ఇరవై రైడ్లు ఎక్కే కాలేజీ పిల్లోడికి చానా చవక. ఐదు ఎక్కేవాడికి పిరం. ఒక్కటీ ఎక్కని అవ్వకు మాత్రం అది వేరేవాళ్ల చేనుకు కట్టిన గుత్త.

ఈ ప్రశ్న మనకే పుట్టింది కాదు. అమెరికాలో డిస్నీల్యాండ్ 1955 జూలైలో తెరిచినప్పుడు జాతర మాదిరే ఉండేది. గేటు టికెట్టు పెద్దోళ్లకు ఒక డాలరు, రైడ్లకు వేరే. కొన్ని నెలలకే టికెట్ల పుస్తకాలు తెచ్చారు. ఎ, బి, సి అని చీటీలు ఉండేవి, చిన్న రైడుకు ఎ చీటీ, పెద్ద రైడుకు పై చీటీ. 1959లో అన్నిటికన్నా పెద్ద రైడ్లకు ఇ చీటీ పెట్టారు. అమ్మమ్మ ఒకామె మనవడితో పోయి ఏదీ ఎక్కకుండా బెంచీ మీద కూర్చుంటే, ఆమెకు గేటు టికెట్టు ఖర్చు మాత్రమే. 1982లో ఆ పుస్తకాలు తీసేసి ఒకే టికెట్టు పెట్టారు. అంటే ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్న పార్కు 27 ఏళ్లు ఎక్కేవాళ్లనూ, ఎక్కనివాళ్లనూ వేరు చేసి లెక్క కట్టింది.

ఆ పద్ధతి నడుస్తున్న కాలంలోనే, 1971లో, వాల్టర్ ఓయ్ అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ డిస్నీల్యాండ్ పేరు పెట్టి ఒక వ్యాసం రాశాడు. డిగ్రీలో ఎకనామిక్స్ చదివే మనోళ్లకు ఇది పనికొస్తాది. ఆయన జపాన్ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టినోడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం అట్లాంటి కుటుంబాలను శిబిరాల్లో పెట్టినప్పుడు, పిల్లోడిగా ఆయనా అందులో ఉన్నాడు. తర్వాత కండ్లు కూడా పోయినాయి. ఆయన వేసిన ప్రశ్న ఇది: పార్కు యజమాని గేటు దగ్గర ఎక్కువ తీసుకొని రైడ్లు ఉత్తగా ఇయ్యాలా? గేటు ఉత్తగా తెరిచి రైడ్లకు ఎక్కువ తీసుకోవాలా? వచ్చేవాళ్లందరూ ఒకే రకమైతే లెక్క సులువు. రైడు నడిపే ఖర్చు వరకే రైడుకు తీసుకో, మిగతా లాభం గేటు దగ్గర తీసుకో. కానీ జనం ఒకే రకం ఉండరు. గేటు ధర పెంచుకుంటూ పోతే, తక్కువ ఎక్కేవాళ్లు రావడమే మానేస్తారు. అప్పుడు యజమాని రెండు ధరలనూ సర్దుకోవాల్సి వస్తాది.

ఆ రావడం మానేసేవాళ్లు ఎవరు? మన లెక్కలో వాళ్లు మన అమ్మలు, అవ్వలు.

పోయిన టూరు సంగతి చెప్తాం. పార్కు పేరు రాయట్లేదు, ఎందుకంటే మన మాట ఒక్క పార్కుతో కాదు, పద్ధతితో. పిల్లోళ్లు 34 మంది, పెద్ద పిల్లోళ్లం మేము, అమ్మలు తొమ్మిది మంది, అవ్వలు ఇద్దరు. సుగ్గి నుంచి వచ్చి పది రోజులు కూడా కాలేదు అమ్మలు. ఫోన్లో ముందే అడిగినాం. "ఏమీ ఎక్కనోళ్లకు తక్కువ ఉంటాదా సార్?" అంటే "ఒకటే టికెట్టు, పిల్లలకు, పెద్దలకు తప్ప తేడా లేదు" అన్నారు. ఆ సంగతి అమ్మలకు చెప్పినాం. చందా దుడ్లతో పిల్లోళ్లకూ, తోడుగా ఇద్దరు పెద్దోళ్లకూ టికెట్టు వస్తాది, మిగిలినోళ్లు ఎవరిది వాళ్లు కట్టుకోవాలి అని చెప్పినాం. అయినా తొమ్మిది మందీ, ఇద్దరు అవ్వలూ బస్సెక్కినారు. బయట నుంచే చూస్తాం లే, కంచె ఉంటాది కదా అన్నారు. వాళ్ల మనసులో ఉన్నది జాతర కంచె.

అక్కడ కంచె లేదు, ఎత్తైన గోడ ఉంది. గోడ పైన కనిపించేది జెయింట్ వీల్ పై సగం. ఇద్దరు అమ్మలు లోపలికి వచ్చారు. ఏడుగురు అమ్మలూ, ఇద్దరు అవ్వలూ బస్సు పక్కన నీడలో సద్దిమూటలు పెట్టుకొని కూర్చున్నారు. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా. మధ్యలో ఒకామె మా ఫోనుకు ఫోన్ చేసింది. "ఇప్పుడు పైకొచ్చిన డబ్బాలో ఎర్ర చొక్కా మావోడేనా?" అని అడిగింది. మేం పోయి చూస్తే కాదు. వాడు అప్పటికి నీళ్ల దగ్గర ఉన్నాడు. "కాదు చిన్నమ్మా" అని చెప్పాల్సి వచ్చింది. "సరేలే, ఎవురోళ్ల పిల్లోడో నవ్వుతా ఉండాడు" అనింది.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పకపోతే తప్పు. లోపల పిల్లోళ్లకు ఆ రోజు చానా బాగుంది. తొమ్మిదో తరగతి పాప ఒకతి వచ్చేటప్పుడు బస్సులో అన్న మాట మాకు గుర్తుంది: "అన్నా, లోపల ఎవురూ దుడ్లు అడగలేదన్నా." ఆ ఒక్కరోజు ఎవరి జేబులో ఎంత ఉంది అన్నది ఎవరికీ తెలియలేదు. కూలోళ్ల పాప, టీచరు బిడ్డ ఒకే క్యూలో నిలబడి ఒకేసారి కేకలు వేసినారు. జాతరలో అట్లా ఎప్పుడూ జరగలేదు. అందుకే గుత్త టికెట్టు తీసేయండి అని మేము అనము. ఎక్కేవాళ్లకు అది మంచిదే. ఎక్కనివాళ్లకు కూడా అదే టికెట్టు కావడమే సమస్య.

లెక్క చూద్దాం. టికెట్టు వెయ్యి రూపాయలు అనుకుందాం. 2024-25లో ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో రోజుకు 300. అంటే ఏదీ ఎక్కకుండా నిలబడి చూసేదానికి ఒక అమ్మ మూడు రోజులకు పైగా మట్టి ఎత్తాలి. దానికి పన్ను వేరే. అమ్యూజ్‌మెంట్ పార్కుల టికెట్టు మీద జీఎస్టీ 2017లో 28 శాతంతో మొదలైంది, 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. జూ పార్కు ప్రవేశానికి, మ్యూజియం ప్రవేశానికి జీఎస్టీ లేదు. చూసేదానికి పన్ను ఉండకూడదు అన్న ఆలోచన ప్రభుత్వానికీ ఉంది అన్నమాట. కానీ రాట్నం ఎక్కే మనవడిని చూసే అవ్వ పార్కు గేటు దాటాలంటే, ఆమె ఎక్కని రైడ్లకు కూడా పన్ను కట్టాలి.

పెద్దోళ్లకు తగ్గింపు ఉంటాది కదా అని మీలో కొందరు అంటారు. కొన్ని పార్కుల్లో 60 దాటినోళ్లకు తగ్గిస్తారు, నిజమే. కానీ తండాల్లో ఆధార్ కార్డులు తీసి చూడండి. చానామందికి పుట్టిన తేదీ జనవరి 1. కార్డు రాసే రోజు చూసి ఒక వయసు వేసినారు. మా ఇద్దరు అవ్వల్లో ఒకామెకు మునిమనవడు ఉన్నాడు, కార్డు మీద మాత్రం ఆమెకు 60 నిండలేదు. పిల్లోళ్లకేమో పెద్ద పార్కుల్లో వయసు చూడరు, ఎత్తు చూస్తారు. గీత దాటితే పెద్ద టికెట్టు. ఏడో తరగతిలోనే పొడుగైనోళ్లు మనలో ఎంతమంది లేరు. కాబట్టి కాగితం మీద ఉన్న తగ్గింపులు మన గుంపుకు వచ్చేసరికి తగ్గిపోతాయి.

ఇక పార్కు వాళ్ల వైపు మాట. అది కూడా వినాలి, వినకుండా అడిగితే మన మాటకు బలం ఉండదు. మేం కూర్చొని వాళ్ల తరఫున ఆలోచించినాం. నాలుగు మాటలు దొరికినాయి.

ఒకటి, ఎక్కకపోయినా ఆమె లోపల ఉన్నంతసేపూ మరుగుదొడ్లు, తాగునీళ్లు, నీడ, చెట్లు, కాపలా వాడుకుంటాది. వాటికి ఖర్చు ఉంటాది. ఇది సబబే. రెండు, తక్కువ టికెట్టు ఇస్తే అందరూ అదే కొని లోపలికి పోయి దొంగతనంగా రైడ్లు ఎక్కుతారు. ఒక్కో రైడు దగ్గర ఒక్కో మనిషిని పెట్టి టికెట్టు చూడాలి. ఇది కూడా కొంత నిజం. మూడు, "ఎక్కను" అని వచ్చినోళ్లే లోపలికి వచ్చాక ఎక్కుతారు. నీళ్ల కొలను చూస్తే ఎవరు ఆగుతారు? ఇదీ నిజమే, దీని గురించి కింద చెప్తాం. నాలుగు, పండగ రోజుల్లో పార్కులో పట్టేంత జనమే పట్టాలి. ఎక్కనివాళ్లు నిండిపోతే ఎక్కేవాళ్లకు చోటు ఉండదు.

వీటిలో ఏదీ పూర్తి ధర తీసుకునేదానికి కారణం కాదు. మొదటిది చిన్న టికెట్టు పెట్టేదానికి కారణం. రెండోదానికి మందు వాళ్ల చేతిలోనే ఉంది. చానా పార్కుల్లో మణికట్టుకు పట్టీ కడతారు. ఎక్కేవాళ్లకు ఒక రంగు, ఎక్కనివాళ్లకు ఇంకో రంగు పెడితే చాలు. ఎట్లా ఉన్నా ఒక్కో రైడు దగ్గర బెల్టు సరిచూసే మనిషి ఉంటాడు, ఎత్తు కొలిచే గీత ఉంటాది. అదే మనిషి పట్టీ రంగు చూడలేడా? మూడోదానికి, మనసు మారినోళ్లు తేడా దుడ్లు కట్టి పట్టీ మార్చుకుంటారు. నాలుగోదానికి, రద్దీ రోజుల్లో కాకుండా మామూలు రోజుల్లోనే చూసేవాళ్ల టికెట్టు ఇయ్యొచ్చు.

ఇట్లా చేసే చోట్లు ఉన్నాయి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో టివోలి అనే పార్కు 1843 నుంచి నడుస్తా ఉంది. అక్కడ లోపలికి పోయేదానికి ఒక టికెట్టు, రైడ్లకు వేరే టికెట్టు. రోజంతా ఎన్నైనా ఎక్కాలనుకునేవాళ్లు గుత్త పాసు కొనుక్కోవచ్చు. తోటలో తిరిగి, పాట విని, మనవడిని చూసి వచ్చే ముసలామె లోపలికి పోయే టికెట్టు మాత్రమే కొంటాది. ఇంత కాలం నడిచిన పార్కు ఆ పద్ధతి వల్ల మునిగిపోలేదు.

అంత దూరం కూడా ఎందుకు? ఆదోని రైల్వే స్టేషన్‌కు పోండి. రైలెక్కే మనిషికి రైలు టికెట్టు. రైలెక్కించేదానికి వచ్చిన మనిషికి పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు. మూట అందించి, కిటికీ దగ్గర నిలబడి, బండి కదిలేదాకా చెయ్యి ఊపి వచ్చేసేవాళ్ల కోసం రైల్వే వేరే టికెట్టు అచ్చు వేసింది. "నువ్వు కూడా స్టేషన్‌లోకి వచ్చినావు కాబట్టి ముంబై దాకా టికెట్టు కొను" అని ఎవరూ అనలేదు. సాగనంపేవాళ్లు కూడా ప్రయాణంలో ఒక భాగమే, కానీ వాళ్లు ప్రయాణికులు కాదు అని రైల్వేకు తెలుసు. సుగ్గికి, ముంబైకి, బెంగళూరుకు మనోళ్లను ఎక్కించేదానికి పోయి ఆ టికెట్టు కొన్నోళ్లు మనలో చానామంది ఉన్నారు. పార్కులను మేం అడిగేది అదే, ఒక ప్లాట్‌ఫారం టికెట్టు.

ఉత్తది అడగట్లేదని గమనించండి. "గిరిజన పిల్లలు, పేదోళ్లు, దయ చూపండి" అని రాయొద్దని మాలో గట్టిగా మాట వచ్చింది. తీసుకున్నదానికి ధర కడతాం, తీసుకోనిదానికి కట్టం. ఇది దయ కాదు, తూకం. పత్తి తూకంలో కిలో తగ్గిస్తే మన అమ్మలు కాటా దగ్గర నిలబడి అడుగుతారు. టికెట్టు దగ్గర కూడా అట్లనే అడగాలి.

ఇంకో సంగతి. నిలబడి చూసేవాళ్లు ఊరికే చోటు తింటున్నారు అనుకోవడం కూడా తప్పు లెక్క. చెప్పులు, ఫోన్లు, తడి బట్టలు పట్టుకునేది వాళ్లే. చిన్నోళ్లను క్యూలో కాపలా కాసేది వాళ్లే. కండ్లు తిరిగి దిగినోడికి నీళ్లు తాపేది వాళ్లే. ఒక అమ్మ లోపల ఉంటే నలుగురు చిన్న పిల్లోళ్లు ధైర్యంగా ఎక్కుతారు. పార్కుకు ఆమె వల్ల టికెట్లు తగ్గవు, పెరుగుతాయి. మేం ఏడుగురం ఆ రోజు 34 మంది వెంట పరుగెత్తలేక సచ్చినాం. బయట కూర్చున్న తొమ్మిది మంది లోపల ఉండి ఉంటే, మేం కూడా రెండు రైడ్లు ఎక్కేవాళ్లం.

అన్నిటికన్నా పెద్ద సంగతి వేరే ఉంది. సుగ్గికి పోయే ఇంట్లో అమ్మ పిల్లోడిని చూసే నెలలు తక్కువ. ఏడ్చేటప్పుడు ఫోన్లో వింటాది, జ్వరం వస్తే ఫోన్లో వింటాది. సంతోషంగా కేక వేసేటప్పుడు కండ్లారా చూసేది ఎప్పుడు? టూరు పెట్టింది పిల్లోళ్ల కోసమే అని అందరం అంటాం. ఆ రోజు బస్సు పక్కన కూర్చున్నోళ్లను చూశాక మాకు తెలిసింది, టూరు వాళ్ల కోసం కూడా అని.

కాబట్టి ఈసారికి మా ప్రతిపాదన ఇది.

మొదట, రెండు మూడు పార్కులకు ఉత్తరం రాస్తాం. కింద పెట్టినాం, చూడండి. చూసేవాళ్ల టికెట్టు ఇస్తామని ఎవరు రాసి పంపితే అక్కడికి పోదాం. నోటి మాట వద్దు, కాగితం మీదో, మెయిల్లోనో ఉండాలి. గేటు దగ్గర నిలబడి మాట్లాడుకునే పని ఈసారి పెట్టుకోవద్దు.

ఎవరూ ఇయ్యకపోతే, ప్రవేశం వేరే, రైడు వేరే ఉన్న చోటికి పోదాం. అప్పుడు పిల్లోళ్ల మధ్య తేడా రాకుండా, చందా దుడ్లతో ఒక్కొక్కరికి సమానంగా రైడ్ల చీటీలు ముందే కొని చేతికిద్దాం. సొంత దుడ్లతో ఎక్కువ ఎక్కడం ఎవరికీ ఉండకూడదు, అది టూరు రూలు. అంటే ప్రవేశం జాతర మాదిరి, పిల్లోళ్లకు మాత్రం గుత్త మాదిరి.

అదీ కుదరకపోతే రాష్ట్రం లోపలే బెలూం గుహలకో, తిరుపతి జూకో పోదాం. అక్కడ అందరూ చూసేవాళ్లే, ఎక్కేవాళ్లు ఎవరూ ఉండరు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రం లోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి, అమ్మలకూ, ఆడపిల్లలకూ బస్సు ఖర్చు చానా మిగులుతాది. పిల్లోళ్లు రైడ్లు లేవని కొంచెం అలుగుతారు. అది మనం ఓర్చుకోవచ్చు.

ఉత్తరం ఇది:

"మేనేజర్ గారికి, మేము కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల గిరిజన విద్యార్థులం. ఏప్రిల్‌లో సుమారు 40 మంది పిల్లలతో మీ పార్కుకు రావాలనుకుంటున్నాం. పిల్లలందరికీ మీ మామూలు టికెట్టు కొంటాం. వాళ్ల తోడుగా వచ్చే తల్లులు, అవ్వల్లో కొందరు ఏ రైడూ ఎక్కరు, నీళ్లలోకి దిగరు. వాళ్లకు రైడ్లు లేని ప్రవేశ టికెట్టు తక్కువ ధరకు ఇవ్వగలరా? వేరే రంగు పట్టీ కట్టినా మాకు అభ్యంతరం లేదు. లోపలికి వచ్చాక ఎవరైనా ఎక్కాలనుకుంటే తేడా మొత్తం కట్టి పట్టీ మార్చుకుంటారు. రద్దీ లేని రోజు ఏదో మీరే చెప్తే ఆ రోజే వస్తాం. మీ జవాబు రాతపూర్వకంగా పంపగలరు."

ఇంగ్లీషులోకి, కన్నడలోకి మార్చేదానికి ఇద్దరు కావాలి. బళ్లారిలో చదివే అక్కలు ఎవరన్నా కన్నడ రాసిస్తే మంచిది.

చివరిగా, పైన కింద చెప్తామన్న సంగతి. పోయిన టూరులో లోపలికి వచ్చిన ఇద్దరు అమ్మల్లో ఒకామె పొద్దున గేటు దగ్గర "నేను ఏదీ ఎక్కను, నన్ను అడగొద్దండి" అనింది. మధ్యాహ్నం తర్వాత ఆమె చీర కుచ్చిళ్లు దోపుకొని పడవ రైడులో ముందు సీటులో కూర్చునింది. మూడుసార్లు ఎక్కింది. నాలుగోసారి క్యూలో ఉండగా సాయంత్రం గంట కొట్టినారు.

కాబట్టి ఆదివారం లోపల మీ తండా నుంచి, మీ వీధి నుంచి రెండు జాబితాలు పంపండి: ఎక్కేవాళ్లు, ఎక్కనివాళ్లు. "మా అమ్మ ఎక్కదులే" అని మీరే రాసేయకండి. ఆమెను అడిగి రాయండి.